అరకు దారిలో భూమి కొనాలంటే: ఘాట్ పైన ఎందుకు కుదరదు, ఘాట్ కింద ఏం చూడాలి

అరకు, అనంతగిరి, పాడేరు, లంబసింగి చుట్టుపక్కల ఎకరం అమ్మకానికి ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే ధర అడిగే ముందు ఊరి పేరు అడగండి. మండలం పేరు చాలదు, రెవెన్యూ గ్రామం పేరు కావాలి. ఆ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే, మీరు షెడ్యూల్డ్ తెగలకు చెందినవారు కాకపోతే, బేరం అక్కడితో ఆపేయండి. ఎంత తక్కువకిచ్చినా, ఎన్ని కాగితాలు చూపించినా అది మీది కాదు.

ముందు గీత ఎక్కడుందో తెలుసుకోండి

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు, పెదబయలు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంత) మండలాలు. ఇక్కడ అందరూ '1/70 చట్టం' అనేది నిజానికి 1959 నాటి భూబదలాయింపు నిబంధన. 1970 సవరణతో అది గట్టిపడింది. 1959లో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా మాత్రమే అడ్డం వేశారు. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో గిరిజనులే సభ్యులుగా ఉన్న సంఘమో అయితేనే బదలాయింపు చెల్లుతుంది. 'ఇది గిరిజనుల భూమి కాదండీ, కోమటి గారి పాత పట్టా' అని చెప్పే మధ్యవర్తి మాటకు అందుకే విలువ లేదు. ఆ పాత పట్టాదారు తన భూమిని తాను సాగు చేసుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా పోవచ్చు. మీకు అమ్మడానికి మాత్రం కుదరదు. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుని పరిహారం తీసుకోవడమే ఆయనకున్న దారి.

సుప్రీంకోర్టు ఈ నిబంధనను 1988లో సమర్థించింది. 1997లో సమతా కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా తన భూమిని అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. సర్కారుకే లేని వెసులుబాటు మీ నోటరీ అగ్రిమెంటుకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఘాట్ పైన సాధారణంగా చూపించే దారులూ, అవి ఎందుకు నిలవవో:

లీజు. 11 నెలలదైనా 99 ఏళ్లదైనా, నిబంధనలో 'బదలాయింపు' అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆ ఆస్తి మీద చేసుకునే ఒప్పందం కూడా అందులోకే వస్తాయి.

జీపీఏ. రిజిస్ట్రేషన్ లేకుండా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటుతో భూమి హక్కు చేతులు మారదని 2011లో సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ చెప్పేసింది. ఏజెన్సీలో దీనికి 1/70 తోడవుతుంది.

వీలునామా. రాసినవాడు బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. పైగా డబ్బు తీసుకుని రాసిన వీలునామా కోర్టులో అమ్మకంలాగే కనిపిస్తుంది.

గిరిజనుడి పేరున కొని మీరు అనుభవించడం. అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇదే. బినామీ చట్టం కింద ఆస్తి జప్తవుతుంది. 2016 సవరణ తర్వాత ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా ఉన్నాయి. పేరు ఇచ్చిన మనిషీ కేసులో ఇరుక్కుంటాడు.

గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకునే భారం స్వాధీనంలో ఉన్నవాడిదే. ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ ఎవరి ఫిర్యాదూ లేకుండానే విచారణ మొదలుపెట్టవచ్చు. మీరు కట్టుకున్న కాటేజీ ఆ భూమితోనే పోతుంది.

పోడు పట్టా అని చూపించేది అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన ఆర్‌ఓఎఫ్ఆర్ పట్టా. అది వారసులకు వెళుతుంది, అమ్మడానికి లేదు. గిరిజనుడైన కొనుగోలుదారుకు కూడా అమ్మకూడదు. మీరు షెడ్యూల్డ్ తెగవారైతే ఏజెన్సీలో కొనగలిగేది మామూలు జిరాయితీ (సొంత హక్కున్న ప్రైవేటు) పట్టా భూమి. కింద చెప్పే కాగితాల పరిశీలన మీకూ అవసరమే.

గీత ఎక్కడుందో మ్యాపు చూసి, కొండ కనబడిన చోటు చూసి తేల్చుకోకండి. షెడ్యూల్డ్ ప్రాంతం రాష్ట్రపతి ఉత్తర్వుతో నోటిఫై అయింది. ఘాట్ మొదట్లో పక్కపక్క ఊళ్లలో ఒకటి లోపల, ఒకటి బయట ఉండొచ్చు. గిరిజన కుటుంబాలు ఎక్కువగా ఉండి కూడా షెడ్యూల్‌లోకి రాని ఊళ్లున్నాయి. 'ఫలానా రెవెన్యూ గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా?' అని తహసీల్దారు కార్యాలయానికి రాసి ఇచ్చి, జవాబు కాగితం మీదే తీసుకోండి.

కింద ఎక్కడ వెతకాలి

లోయ గాలి కావాలి, కాగితం కూడా గట్టిగా ఉండాలి అనుకునేవారికి కొండల కిందనే చోటు. విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట (ఎస్.కోట), తాటిపూడి జలాశయం చుట్టుపక్కల. అనకాపల్లి జిల్లాలో రైవాడ జలాశయం ఉన్న దేవరాపల్లి, కోనాం జలాశయం ఉన్న చీడికాడ, పాడేరు దారిలో మాడుగుల. ఎస్.కోట నుంచి కిరండూల్ రైలెక్కితే బొర్రా, అరకు చేతికందే దూరంలోకి వస్తాయి. చలి మాత్రం పైనున్నంత ఉండదు. ఇంకో మాట: కింద మండలాల్లో 'కాఫీ తోట వేసిస్తాం' అనేవారిని నమ్మకండి. అరబికాకు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు కావాలి. కింద పండేవి మామిడి, జీడిమామిడి, పనస, కొబ్బరి, సీతాఫలం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు: ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఊళ్లో తమ్ముడికి డబ్బు పంపి అతని పేరు మీద కొనిస్తే, కాగితం ప్రకారం ఆ భూమి తమ్ముడిదే.

కాగితాలు: ఈ వరసలో చూడండి

సర్వే నంబరు, సబ్‌డివిజన్ తీసుకుని మీభూమి సైట్‌లో అడంగల్ (సాగు రికార్డు), 1-బి (హక్కుల రికార్డు) తెరవండి. రెండిటిలో పేరు, విస్తీర్ణం ఒకటేనా చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చింది. పాత దస్తావేజుల్లో పాత నంబరే ఉంటుంది కాబట్టి రెండూ పట్టుకోండి. విస్తీర్ణం తేడా సాధారణంగా ఇక్కడే బయటపడుతుంది: దస్తావేజులో 2 ఎకరాలు, ఎల్‌పీఎంలో 1.86. డబ్బు కట్టాల్సింది కొలతకు వచ్చినదానికే.

తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22-ఏ నిషేధిత జాబితా. నంబరు అందులో ఉంటే బయానా వద్దు. 'తీయించేస్తాం' అంటే తీయించాకే రమ్మనండి.

ఆపైన ఎక్కువమంది చూడనిదీ, ఎక్కువ చెప్పేదీ పాత సెటిల్‌మెంట్ రికార్డు: ఆర్‌ఎస్‌ఆర్, ఫెయిర్ అడంగల్. ఆ సర్వే నంబరును మొదట్లో ఏమని రాశారు? జిరాయితీ అయితే మంచిది. గెడ్డ (వాగు), పోరంబోకు, బంజరు, ఇనాం అని ఉంటే, ఆ తర్వాత చేతికి చేయి మారి నాలుగు రిజిస్ట్రేషన్లు అయినా మూలం మారదు. బంజరు నుంచి డి-పట్టా (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి పట్టా) ఇచ్చి ఉంటే 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు 2023లో సవరణ తెచ్చి వెసులుబాటు ఇచ్చారు గానీ, దాని పేరుతో జరిగిన వ్యవహారాలపై తర్వాత విచారణలు వచ్చాయి. కొండ కింద ఇలాంటి భూమి చాలా ఉంది, చవకగా దొరికేదీ అదే. జిరాయితీ దొరికే చోట డి-పట్టా జోలికి పోవడం దండగ.

ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల పత్రం) కనీసం 30 ఏళ్లకు తీయండి. సర్వే నంబరుతో ఒకసారి, అమ్మేవారి పేరుతో ఇంకోసారి. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, కోర్టు దావా, నోటిమాట పంపకం అందులో రావు. వాటికోసం ఊళ్లో అడగాలి. పక్క పొలం రైతుకు తెలియని తగాదా ఉండదు.

వారసుల సంగతి తేలికగా తీసుకోకండి. తండ్రి పోయాక అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెడతారు, అత్తారింట్లో ఉన్న ఆడపడుచును వదిలేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 2005 కేంద్ర సవరణ కంటే చాలా ముందే, 1986 రాష్ట్ర చట్టంతోనే వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో ఉండేలా చూడండి.

5 సెంట్లు, 10 సెంట్ల 'ఫామ్ ప్లాట్లు' కొనేవారికి: లేఔట్ అనుమతి పత్రం అడగండి. 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. వ్యవసాయ భూమిగా ముక్కలు చేసి అమ్మినదాంట్లో రోడ్లు అమ్మినవాడి పేరునే ఉండిపోతాయి, ఇంటి రుణం రాదు, ఇల్లు కట్టే అనుమతి దగ్గర ఆగిపోతారు.

కొలత, దారి, అడవి హద్దు

బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. కొలతలో ఎంత వస్తే అంతకే ధర అని అగ్రిమెంటులో రాయించండి. మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టి, పక్క రైతులకు నోటీసులు వెళ్లాకే కొలిపించండి. వాళ్లు లేకుండా పాతిన రాయి వారం నిలవదు. ఎఫ్ఎంబీ పటం (సర్వే నంబరు హద్దులు, కొలతల పటం) చేత్తో పట్టుకుని ప్రతి మూలకూ నడవండి.

ఒక పక్క రిజర్వు ఫారెస్టు తగిలితే అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరు కూడా ఉండేలా జంట సర్వే అడగండి. రెవెన్యూ పటానికీ ఫారెస్టు పటానికీ హద్దు కలవని చోట్లు కొండ కింద మామూలే. ఆ తేడాలో పడ్డ అర ఎకరం జీడితోటకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

దారి. 'ఎప్పటినుంచో బళ్లు ఇటే వెళ్తాయండీ' అనేది హక్కు కాదు. పటంలో బాట ఉందా? లేకపోతే ఎవరి పొలంలోంచి వెళ్లాలో వారితో దారి హక్కు రిజిస్టర్ చేయించండి. సర్వే నంబరు, వెడల్పు, పొడవు అందులో రాయాలి. సిమెంటు లారీకి కనీసం 12 అడుగులు కావాలి, మలుపు దగ్గర ఇంకా ఎక్కువ. దారి తేలకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి. దారి పొలం ధర మీ రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే పెరుగుతుంది.

స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, వెరసి 7.5 శాతం చేతిలో ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక 1-బిలో మీ పేరు ఎక్కేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఆగస్టులో ఒకసారి, మేలో ఒకసారి

అమ్మేవారు నవంబరు నుంచి జనవరి మధ్య తీసుకెళ్తారు. అప్పుడు ప్రతి పొలమూ అందంగానే ఉంటుంది. మీరు ఆగస్టులో గట్టి వాన పడిన రోజు వెళ్లండి. గెడ్డ ఎంతవరకు పొంగింది, దారి మీద ఎక్కడ పారుతోంది, పొలంలో ఏ మూల నీళ్లు నిలిచాయి, అన్నీ చూపిస్తుంది. గెడ్డ ఒడ్డున చెట్ల మొదళ్లకు చుట్టుకున్న చెత్త, ఎండుగడ్డి గీత ఎంత ఎత్తులో ఉందో చూసి, ఇల్లు దానికి బాగా పైన పెట్టుకోండి.

మేలో నీళ్లు చూడండి. ఈ కొండల రాయి ఎక్కువగా ఖోండలైటు. పైపొర మెత్తగా ముక్కలైపోయి ఎర్రమట్టి, సుద్దలా ఉంటుంది, కింద గట్టిరాయి. అందుకే లోతు తక్కువ నుయ్యిలో నీరుంటుంది, పక్కనే వేసిన బోరు కూలిపోతుంది. బోరు వేసేవారితో మెత్తపొర మొత్తం దాటి గట్టిరాయిలోకి దిగేదాకా కేసింగు (బోరు గోడ కూలకుండా వేసే గొట్టం) వేయాలని ముందే మాట్లాడుకోండి. అడుగుకు ఇంత అని లెక్క కాబట్టి కేసింగు తగ్గించాలని వారికీ, మీకూ అనిపిస్తుంది. తగ్గిస్తే రెండో ఏడు మోటారు బురదలో కూరుకుపోతుంది. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద బోరుకు అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అయితే మరీ జాగ్రత్త.

ఉన్న బోరు చూపిస్తే నాలుగు గంటలు ఆపకుండా తోడించండి. మొదట్లో 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లకు నిండిందో, చివర్లో ఎన్నిటికి నిండిందో రాసుకోండి. 20 సెకన్లయితే నిమిషానికి 60 లీటర్లు. చివరికి అది 40 సెకన్లు దాటితే ఇంటికి సరిపోవచ్చు గానీ తోటకు నమ్ముకోలేం.

కొండ మీది ఊట నుంచి పైపు వేసుకుందామనుకుంటే, అదే ఊట మీద కింద ఏ ఊరు బతుకుతోందో ముందు కనుక్కోండి.

ఇల్లు

వాలులో ఇంటికోసం కొండను కోసి ముందుకు మట్టి పోస్తారు. ఇల్లు కోసిన గట్టినేల మీదకు రావాలి, పోసిన మట్టి మీదకు కాదు. పోసిన మట్టి మొదటి రెండు వానాకాలాల్లో కుంగుతుంది, సగం ఇల్లు అటూ సగం ఇటూ ఉంటే నడిమధ్యలో పగులు వస్తుంది. అయిదడుగులకు అడుగు దిగే వాలు కంటే నిటారుగా ఉంటే ఆ చోటు తోటకు వదిలేయండి.

కోసిన కొండ మట్టిని ఆపే వెనక గోడ రాతిది కడితే 1.5 మీటర్ల ఎత్తు దాకా అడుగు వెడల్పు ఎత్తులో సగం ఉండాలి. అంతకంటే ఎత్తయితే ఇంజినీరు లెక్క కావాలి. గోడలో ప్రతి 1.5 మీటర్లకూ 75 మిల్లీమీటర్ల పైపు పెట్టి, వెనక అడుగు మందాన కంకర నింపండి. గోడలు పడేది మట్టి బరువుకంటే వెనక నిలిచిన నీటి ఒత్తిడికే. మేస్త్రీలు పైపులు పెడతారు, కంకర మానేస్తారు. బంకమట్టి పట్టి ఏడాదిలో పైపులు మూసుకుపోతాయి. ఇంటికి పైవైపున అడ్డంగా కాలువ తవ్వి, కొండ నీటిని పక్కలకు మళ్లించండి. పునాది మట్టం నేలకు రెండడుగుల పైన ఉండనివ్వండి.

పైకప్పు రేకులదైతే తుపాను గుర్తుంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి లోపలి కొండల దాకా చెట్లు కూల్చింది. కట్టడాలపై గాలి బలం లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విశాఖకు లెక్కగట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకు లేచేది ముందుగా చూరు అంచున, మూలల్లో. అక్కడ ప్రతి పొంగు మీదా జె-బోల్టు వేయండి, నడిమధ్యలో ఒకటి విడిచి ఒకటి చాలు. దూలాలు గోడ మీద కూర్చుంటే చాలదు, గోడ పైన వేసిన కాంక్రీటు బెల్టులోకి ఇనుప కడ్డీతో బిగించాలి.

ఆ రేకుల నీరు వదిలేయకండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. నలుగురికి రోజుకు 400 లీటర్ల చొప్పున 25 రోజులు.

బయట తిరగడం, బయట పడుకోవడం

లోయ పైన రాత్రి గడపాలంటే పర్యాటక శాఖ గదులు, గిరిజనులు నడిపే హోమ్‌స్టేలు, టెంట్లు ఉన్నాయి. ఏడాదికి పది రాత్రులు గది అద్దెకు తీసుకున్నా పైన 'కొన్న' స్థలం కంటే చవక. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వేయడం, మంట వేయడం అటవీ చట్టం కింద నేరం. మీ పొలంలోనైనా ఫిబ్రవరి నుంచి మే దాకా చలిమంట చుట్టూ మూడు మీటర్లు గడ్డి చెక్కేసి, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకోండి.

గెడ్డలో స్నానం చేస్తుండగా నీరు రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కండి. మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండొచ్చు, వాన పైన కొండ మీద పడుతుంటుంది.

దోమతెర లేకుండా పడుకోకండి. పాడేరు ఏజెన్సీ మలేరియాకు, అందులోనూ ప్రాణం మీదకు తెచ్చే ఫాల్సిపారం రకానికి పేరుపడ్డది. తిరిగొచ్చిన నెల రోజుల్లో జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. తెర అంచులు పరుపు కిందకు దోపాలి. దోమకే కాదు, కట్లపాముకూ అదే అడ్డు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి పొద్దున్న దాకా ఆగుతారు. ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, పొద్దున్నే కడుపునొప్పి ఉంటే పాముకాటనే అనుమానించి బయలుదేరండి. తాడు బిగించి కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్, శ్వాస యంత్రం రెండూ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉన్నాయో స్థలం కొన్న వారంలోనే వెళ్లి అడిగి, నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

జీడి, పనస పండే రోజుల్లో అడవి పందులు, కోతులు, అక్కడక్కడ ఎలుగులు దిగుతాయి. కంచెకు కరెంటు లైను నుంచి తీగ లాగడం నేరం, అడ్డదారిన నడిచొచ్చిన మనిషి దానికి చనిపోతే నరహత్య కేసు అవుతుంది. సోలార్ కంచె పెట్టండి. అది క్షణకాలం పాటు ఆగి ఆగి కొడుతుంది, జంతువును తరుముతుంది, చంపదు. కింది తీగ నేల నుంచి అడుగు ఎత్తు దాటకూడదు, లేకపోతే పంది కిందనుంచి దూరుతుంది. వానాకాలంలో గడ్డి పెరిగి తీగకు తగిలితే కరెంటంతా నేలలోకి పోయి కంచె ఉత్త తీగ అయిపోతుంది, అందుకే జూలై నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి కంచె కింద గడ్డి కోయించండి.